సెకండ్ హ్యాండ్ కారు కొనే ముందు ఇన్‌స్పెక్షన్: ఎంత నమ్మొచ్చు, తేడా వస్తే ఎవరు పూచీ? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో పాత కార్లు తనిఖీ చేయడం నా పని. మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ నుంచి ఫోన్ చేసే మన తెలుగువాళ్ల సందేహాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కొనే ముందు "మీరు చూశాక ఇక టెన్షన్ ఉండదు కదా?" అంటారు. కొన్నాక బండి మొరాయిస్తే "మీరు చూసిందే కదా, ఇప్పుడు ఎవరు కడతారు?" అంటారు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకున్నా అర్థమవుతుంది. చట్టం గురించి రాసింది అవగాహన కోసం. కేసు దాకా వెళ్తే మాత్రం కాగితాలన్నీ వకీలుకు చూపించండి.

## బుక్ చేసే ముందు

రెండు వేలు పెట్టి ఇన్‌స్పెక్షన్ చేయిస్తే కారుకు గ్యారంటీ ఉన్నట్టేనా?

లేదు. ఆ రోజు, ఆ గంటలో, ఏ భాగమూ విప్పకుండా చూడగలిగినంత మేరకు కారు ఎలా ఉందో చెప్పే అభిప్రాయమే ఇన్‌స్పెక్షన్. రేపు చెడిపోతే బాగుచేయిస్తానని ఇచ్చే మాట వారంటీ. దానికి వేరే డబ్బు కట్టాలి, వేరే కాగితం ఉండాలి.

అలాగని తనిఖీ చేసినవాళ్లకు ఏ బాధ్యతా లేదనుకోకండి. ఫీజు తీసుకుని చేసే పని కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అది సేవ. ఈ పని తెలిసిన మనిషి మామూలు శ్రద్ధతో చూస్తే దొరికే లోపాన్ని వదిలేసినా, అసలు చూడనిదాన్ని చూశామని రాసినా సేవాలోపం కిందికి వస్తుంది. కారు తర్వాత చెడిపోయినంత మాత్రాన తనిఖీ చేసినవాళ్లు డబ్బు కట్టాల్సిన పని లేదు. పని సరిగా చేయలేదని తేలితే కట్టాలి.

డీలర్ దగ్గర రెండు వందల పాయింట్ల రిపోర్టు ఉంది. మళ్లీ నేనెందుకు చేయించాలి?

ఆ రిపోర్టుకు డబ్బు కట్టింది అమ్మేవాళ్లు కాబట్టి. అందులో అబద్ధాలు ఉంటాయని అనను. కానీ ఏం రాయాలి, ఏం రాయకుండా వదలాలి అన్నది అమ్మేవాళ్ల చేతిలోనే ఉంటుంది. పాయింట్ల సంఖ్య చూసి మురిసిపోవద్దు. వైపర్ పనిచేస్తోంది, హారన్ మోగుతోంది, కప్ హోల్డర్ ఉంది అని రాసుకుంటూ పోతే రెండు వందలు దాటడం కష్టమేమీ కాదు. అప్రాన్ (బోనెట్ కింద ముందు చక్రాల పైనుండే లోపలి రేకు), పిల్లర్ (రూఫ్‌ను మోసే స్తంభం), చాసిస్ రెయిల్ (కారు అడుగున ఉండే పొడవాటి దూలం) గురించి ఏం రాశారో ముందు అది చూడండి.

అయినా ఆ రిపోర్టును పారేయకండి. పీడీఎఫ్ దాచుకోండి, వెబ్‌సైట్లో ప్రకటన ఉంటే స్క్రీన్‌షాట్ తీసుకోండి. 'యాక్సిడెంట్ కాని బండి' అని డీలర్ తన రిపోర్టులో రాశాడంటే అది అతను మీకిచ్చిన మాట. తర్వాత అది తప్పని తేలితే అదే మీకు గట్టి సాక్ష్యం.

మా వీధి మెకానిక్ ఫ్రీగా వచ్చి చూస్తానన్నాడు. కంపెనీవాళ్లు ఎందుకు?

చూపు విషయానికి వస్తే, ఆ మోడల్ మీద పదేళ్లు పనిచేసిన మెకానిక్ చాలా కంపెనీ ఇన్‌స్పెక్టర్ల కంటే మెరుగు. సందేహం లేదు. పూచీ దగ్గరే తేడా. ఉచితంగా చేసిన పనిని వినియోగదారుల చట్టం సేవగా లెక్కించదు. పొరపాటు జరిగితే ఆ దారి మీకు మూసుకుపోయినట్టే.

నా సలహా ఏమిటంటే, మంచి మెకానిక్ దొరికితే అతన్నే పిలవండి, కానీ ఫీజు ఇవ్వండి. యూపీఐలో 'కారు తనిఖీకి' అని రాసి పంపండి. చూసింది నాలుగు ముక్కల్లో వాట్సాప్‌లో పెట్టమనండి. అతని కష్టానికి గౌరవం, మీకు ఆధారం.

కారు హైదరాబాద్‌లో ఉంది, నేను బెంగళూరులో ఉన్నాను. అక్కడ చూపిస్తే సరిపోతుందా?

సరిపోతుంది. కానీ తనిఖీ చేసేవాళ్లను మీరే ఎంచుకోవాలి. అమ్మే ఆయన "మా షెడ్డులో చూపిద్దాం సార్" అంటే సున్నితంగా వద్దనండి. వీడియో కాల్లో కోల్డ్ స్టార్ట్, అంటే చల్లటి ఇంజన్‌ను మొదటిసారి స్టార్ట్ చేయడం, చూపించమని అడగండి.

పొరుగు రాష్ట్రం కారుకు ఇంకో లెక్క ఉంది. మోటారు వాహనాల చట్టం ప్రకారం వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచే బండికి అక్కడ కొత్త రిజిస్ట్రేషన్ చేయించాలి. పాత ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, కర్ణాటకలో కారు వయసును బట్టి లైఫ్ టైమ్ ట్యాక్స్ కట్టాలి, అక్కడ కట్టిన పన్నులో మిగిలిన భాగం కోసం ఆ రాష్ట్రంలో దరఖాస్తు పెట్టుకోవాలి. హైదరాబాద్ ధర చవగ్గా కనిపించడానికి చాలాసార్లు కారణం ఈ పన్ను అందులో కలపకపోవడమే. ఏ ఇన్‌స్పెక్షన్ రిపోర్టులోనూ ఈ లెక్క ఉండదు.

బుక్ చేసేటప్పుడు ఏం రాయించుకోవాలి?

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. వ్యవహారమంతా ఫోన్లో మాట్లాడి, లొకేషన్ పంపి ఊరుకుంటారు. తర్వాత గొడవైతే "మేము అది చూస్తామని చెప్పలేదే" అంటారు. కాదనడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఒక మెసేజ్ చాలు. కారు నంబర్ రాసి, వీటిని చూసి ఫొటోలతో రిపోర్టు ఇవ్వగలరా అని అడగండి: యాక్సిడెంట్ రిపేర్ జాడలు, అండర్‌బాడీని లిఫ్ట్ మీద పెట్టి చూడటం, స్కానర్‌తో అన్ని మాడ్యూళ్లు (కారులోని ఎలక్ట్రానిక్ కంట్రోల్ యూనిట్లు) చదవడం, నీళ్లలో మునిగిన గుర్తులు, కనీసం పది కిలోమీటర్ల టెస్ట్ డ్రైవ్. 'అవును' అని జవాబు వచ్చాకే ఫీజు పంపండి. ఆ బండిలో మీకు ప్రత్యేకంగా భయం ఉన్నది ఉంటే అదీ రాయండి. ఉదాహరణకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్, డీజిల్ బీఎస్6 కారైతే డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్). ఈ చిన్న మెసేజే మీ ఒప్పందం. ఇన్‌స్పెక్టర్ ఏం చూడాల్సి ఉంది, ఏం చూడలేదు అని తర్వాత తేల్చేది దాని ఆధారంగానే.

ఇంకో మాట అడగడానికి మొహమాటపడకండి: "ఈ డీలర్ దగ్గర మీకు కమీషన్ ఏమైనా ఉందా?" నిజాయతీగా పనిచేసేవాళ్లెవరూ దీనికి నొచ్చుకోరు.

## తనిఖీ రోజు

నేను దగ్గరుండాలా? నాకు కార్ల గురించి ఏమీ తెలియదు.

ఉండండి. తెలియకపోయినా పర్వాలేదు. మీరు రాకముందే ఇంజన్ వేడెక్కించి ఉంచారా అన్నది మీరే చూడగలరు. బోనెట్ మీద చెయ్యి పెడితే తెలిసిపోతుంది. చల్లటి ఇంజన్ మొదటిసారి స్టార్టయ్యే ఆ అరనిమిషంలో వచ్చే పొగ, చైన్ చప్పుడు, ఊగిసలాట వేడి ఇంజన్‌లో దాగిపోతాయి. వేడిగా ఉంటే "సాయంత్రం మళ్లీ వస్తాం" అనండి.

ఇన్‌స్పెక్టర్ ఎంతసేపు చూశాడో కూడా గమనించండి. ఇరవై నిమిషాల్లో ముగించి, కారు కిందకు వంగి కూడా చూడకుండా అండర్‌బాడీ 'ఓకే' అని రాస్తే, అప్పుడే అడగండి. వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ మీ ఫోన్లో రాసిపెట్టుకోండి.

మంచి ఇన్‌స్పెక్టర్ ఎంతవరకు కనిపెట్టగలడు?

బాడీ రిపేర్లను బాగా పట్టుకోగలడు. పెయింట్ మందం కొలిచే మీటర్ ముందు రూఫ్ మీద పెడతాం. అక్కడ సాధారణంగా ఎవరూ పెయింట్ వేయరు కాబట్టి ఆ బండికి కంపెనీ పెయింట్ ఎంతో తెలుస్తుంది. సుమారుగా నూటికి అటూ ఇటూ మైక్రాన్లు ఉంటుంది. తర్వాత డోర్లు, ఫెండర్లు, పిల్లర్లు. ఒక డోర్ మీద 250 వస్తే మళ్లీ పెయింట్ వేశారని, 600, 800 వస్తే కింద లప్పం ఉందని అర్థం. బంపర్లు ప్లాస్టిక్ కాబట్టి ఈ మీటర్ అక్కడ పనికిరాదు.

బెంగళూరు ట్రాఫిక్‌లో తిరిగిన కారుకు ఒకటి రెండు ప్యానెళ్లు రీపెయింట్ అయి ఉండటం మామూలే. దానికి కారు వదులుకోవద్దు. నేను ఆగి చూసేది ఫెండర్ బోల్టుల దగ్గర. కంపెనీ బిగించిన బోల్టు తల మీద పెయింట్ చెక్కుచెదరకుండా ఉంటుంది. ఒకసారి పానా పడితే మూలలు చెదిరి, కింద లోహం మెరుస్తుంది. అక్కడి నుంచి లోపలికి టార్చ్ వేసి అప్రాన్ మీద వెల్డింగ్ చుక్కలు చూస్తాం. ఫ్యాక్టరీ చుక్కలు సమానమైన దూరంలో గుండ్రంగా ఉంటాయి. షెడ్డులో వేసినవి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పక్కన గ్రైండర్ గీతలు. బయట డోర్ మీద లప్పం ఉంటే బేరమాడొచ్చు. అప్రాన్, చాసిస్ రెయిల్ మీద వెల్డింగ్ ఉంటే మాత్రం బేరం మానేసి వచ్చేయమనే చెబుతాను. అది ప్రాణాలకు సంబంధించిన విషయం.

ఇక ఆయిల్ లీకులు, సస్పెన్షన్ బుష్‌లు, బ్రేక్ డిస్కులు, క్లచ్ జారడం, ఏసీ కూలింగ్, టైర్ల వయసు కూడా తేలిగ్గానే తెలుస్తాయి. టైర్ మీద చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం.

విప్పకుండా తెలియనివి కూడా ఉన్నాయి. పిస్టన్ రింగుల అరుగుదల కంప్రెషన్ టెస్ట్ చేస్తే తప్ప కచ్చితంగా చెప్పలేం. వేడెక్కాక, అదీ అప్పుడప్పుడు మాత్రమే గేర్ కొట్టుకునే ఆటోమేటిక్ బాక్స్ ఆ రోజు మాకు పట్టుబడకపోవచ్చు. వచ్చీ పోయే ఎలక్ట్రికల్ లోపాలూ అంతే. ఇవి చూడలేకపోతే ఇన్‌స్పెక్టర్ తప్పు కాదు. చూడలేమని రిపోర్టులో రాయకపోవడం తప్పు.

మీటర్ వెనక్కి తిప్పారో లేదో తెలుస్తుందా?

చాలాసార్లు తెలుస్తుంది, ప్రతిసారీ కాదు. కొన్ని కార్లలో కిలోమీటర్లు మీటర్‌లోనే కాక వేరే కంట్రోల్ యూనిట్లలో కూడా నమోదవుతాయి. స్కానర్‌తో పోల్చి చూస్తే తేడా దొరుకుతుంది. అంతకంటే నమ్మదగింది ఆ కంపెనీ షోరూమ్‌లోని సర్వీస్ రికార్డు. తేదీల వారీగా కిలోమీటర్లు పెరుగుతూ వచ్చి, ఒకచోట తగ్గితే ఇక చర్చ లేదు. రికార్డు 48 వేల దగ్గర ఆగిపోయి, రెండేళ్ల తర్వాత మీటర్ 52 వేలు చూపిస్తే, ఆ రెండేళ్లు బండి ఎక్కడ తిరిగిందో అడగండి.

మీటర్ తిప్పి అమ్మడం మోసం. కొనుగోలుదారుడు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు, పోలీసులకు చీటింగ్ ఫిర్యాదూ ఇవ్వొచ్చు. కాబట్టి అమ్మకం కాగితంలో ఆ రోజు మీటర్ రీడింగ్ అంకెతో పాటు 'ఇది అసలు రీడింగే' అని రాయించి సంతకం తీసుకోండి.

వరదలో మునిగిన బండిని గుర్తుపట్టడం ఎలా?

2015లోనూ, 2023 డిసెంబరులోనూ చెన్నై మునిగింది. 2022 సెప్టెంబరులో మన బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్ పక్కన అపార్ట్‌మెంట్ల సెల్లార్లు నిండాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. నీళ్లలో నిలిచిన కార్లన్నీ తుక్కుకు పోవు. రిపేరు ఖర్చు కారు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్‌గా (బాగుచేయించడం దండగని) తేల్చి సాల్వేజ్‌గా, అంటే పాడైన బండిగా, అమ్మేస్తుంది. అలా అమ్మినవాటిలో కొన్ని బాగై మళ్లీ రోడ్డెక్కుతాయి.

సీట్ బెల్టును చివరిదాకా లాగండి. మామూలుగా ఎవరూ అంత లాగరు కాబట్టి కడిగేవాళ్లు కూడా అక్కడిదాకా పోరు. ఆఖరి అడుగులో మట్టి రంగు గీత, బూజు వాసన ఉంటే అనుమానించండి. స్టెప్నీ గుంతలో ఒండ్రు, సీటు కింద పట్టాలకు తుప్పు, డ్యాష్‌బోర్డు కింద వైర్ల సాకెట్లలో పచ్చటి చిలుము కూడా చూడాలి. ఏసీ వేసి వాసన చూడండి. మరీ ఘాటుగా సెంటు కొట్టి ఉంటే అదీ గుర్తే. పాత బీమా పాలసీ నంబర్ అడిగి, ఆ కంపెనీ దగ్గర క్లెయిమ్ వివరాలు తీసివ్వమని ఓనర్‌నే అడగండి. బాగా శుభ్రం చేసిన ఫ్లడ్ బండి ఎంత అనుభవం ఉన్నవాళ్లనైనా ఏమార్చగలదు కాబట్టి ఇక్కడ కాగితం కూడా చూడాల్సిందే.

స్కానర్ పెడితే ఒక్క లోపమూ చూపలేదు. ఇంజన్ బాగున్నట్టేనా?

తొందరపడకండి. మీరు రావడానికి అరగంట ముందు ఎవరైనా కోడ్‌లు (కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాల గుర్తులు) చెరిపేసి ఉండొచ్చు. అందుకే కోడ్‌లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కూడా చదవాలి. చాలా కార్లలో స్కానర్ అది చూపిస్తుంది. అక్కడ 3 అనో 5 అనో ఉంటే, ఎందుకు చెరిపారో అడగండి. రిపోర్టులో ఆ అంకె ఉన్న స్క్రీన్ ఫొటో పెట్టమనండి.

ఎలక్ట్రిక్ కారుకు కూడా ఇదే తనిఖీనా?

బాడీ, సస్పెన్షన్, టైర్లకు ఇదే. బ్యాటరీ ఆరోగ్యం శాతం మాత్రం ఆ కంపెనీ సర్వీస్ సెంటర్ రిపోర్టులోనే చూడండి. చాలా కంపెనీలు బ్యాటరీకి 8 ఏళ్ల దాకా వారంటీ ఇస్తాయి. అది రెండో ఓనర్‌కు పూర్తిగా వర్తిస్తుందా అని రాతలో అడగండి.

## రిపోర్టు చేతికొచ్చాక

రిపోర్టులో అన్నీ 'ఓకే', 'ఫెయిర్' అని ఉన్నాయి. దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

అవి తీర్పులు, వివరాలు కావు. 'సస్పెన్షన్ ఫెయిర్' అంటే రేపు ఎవరికి కావాల్సినట్టు వాళ్లు చెప్పుకోవచ్చు. 'ముందు ఎడమ లోయర్ ఆర్మ్ బుష్ చీలింది, మార్చాలి' అంటే ఇంకో మాట ఉండదు. అలాంటి పదాలు కనిపిస్తే ఫోన్ చేసి ఊరుకోకుండా, "ఫెయిర్ అంటే ఏమిటి, ఇప్పుడు ఖర్చు పెట్టాలా?" అని మెసేజ్ పెట్టండి. జవాబు రిపోర్టులో భాగమే అవుతుంది. 'చూడలేదు', 'అందుబాటులో లేదు' అన్న గడులను ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టుకోండి. మీకు మిగిలిన రిస్క్ అంతా ఆ గడుల్లోనే ఉంది.

"మా బాధ్యత మీరు కట్టిన ఫీజు వరకే" అని చిన్న అక్షరాల్లో ఉంది. అది చెల్లుతుందా?

చెల్లొచ్చు కూడా, కొట్టిపారేయకండి. 1996లో సుప్రీంకోర్టు ఒక కొరియర్ కేసులో, పార్టీ సంతకం చేసిన పరిహార పరిమితి షరతును సమర్థించింది. ఆ తీర్పును కంపెనీల వకీళ్లు చాలా సందర్భాల్లో చూపిస్తారు.

అయితే ఆ షరతు ఫీజు కట్టకముందే మీకు చూపించారా, మీరు ఒప్పుకున్నారా అన్నది ముఖ్యం. డబ్బు తీసుకున్నాక రిపోర్టు ఆఖరి పేజీలో మొదటిసారి కనిపించిన షరతుకు బలం తక్కువ. పైగా ఆ షరతు పొరపాట్లకు రక్షణ కావచ్చేమో గానీ, చూడకుండానే చూశామని రాయడానికి, డీలర్‌తో కుమ్మక్కై లోపం దాచడానికి రక్షణ కాదు. మరీ ఏకపక్షంగా ఉండే షరతును అన్యాయమైన ఒప్పందంగా ప్రకటించే అధికారం 2019 చట్టం రాష్ట్ర, జాతీయ కమిషన్లకు ఇచ్చింది.

బుక్ చేసే ముందే షరతులు చదవండి. 'విప్పకుండా చూస్తాం' అన్న పరిమితి న్యాయమైనదే, దానికి అభ్యంతరం వద్దు. 'రిపోర్టులో ఏ తప్పుకూ మాకు సంబంధం లేదు' అని రాసుకున్నవాళ్లకు మాత్రం మీ డబ్బు ఇవ్వకండి.

నేను ఇన్‌స్పెక్షన్ చేయించాను కాబట్టి అమ్మినవాడు తప్పించుకుంటాడా?

మంచి ప్రశ్న. వస్తువుల అమ్మకం చట్టం, 1930లో సెక్షన్ 16 ప్రకారం, ఆ వ్యాపారం చేసే డీలర్ దగ్గర కొన్నప్పుడు వస్తువు అమ్మదగ్గ నాణ్యతతో ఉండాలన్న షరతు రాయకపోయినా ఉన్నట్టే. కానీ కొనేవాళ్లు ముందే పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాలకు ఆ రక్షణ ఉండదు. అంటే మీ ఇన్‌స్పెక్టర్ కంటికి కనిపించాల్సిన లీకును వదిలేస్తే, "మీరు చూసుకునే కొన్నారు కదా" అని డీలర్ అనగలడు. ఆ వదిలేసిన తప్పు అప్పుడు ఇన్‌స్పెక్టర్ మెడకు చుట్టుకుంటుంది.

మోసం విషయంలో మాత్రం ఈ వాదన నిలవదు. లోపాన్ని పనిగట్టుకుని దాచినా, తెలిసి అబద్ధం చెప్పినా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 17 కింద అది మోసమే. మీరు తనిఖీ చేయించారని ఆ తప్పు మాసిపోదు.

అమ్మే ఆయన మంచివాడిలానే ఉన్నాడు. ఆయన్ని రాతలో అడగడం బాగుంటుందా?

బాగుంటుంది, తప్పకుండా అడగండి. కారణం చట్టంలోనే ఉంది. నోరు విప్పాల్సిన బాధ్యత లేనిచోట, కేవలం మౌనంగా ఉండటం మోసం కాదు. మీరు అడగకపోతే ఆయన చెప్పక్కర్లేదు. అడిగితే మాత్రం అబద్ధం చెప్పకూడదు.

ఇలా పంపండి: "అన్నా, డబ్బు పంపే ముందు కొన్ని విషయాలు కన్ఫర్మ్ చేయండి. పెద్ద యాక్సిడెంట్ ఏదైనా అయిందా? నీళ్లలో మునిగిందా? ఇంజన్, గేర్‌బాక్స్ ఎప్పుడైనా విప్పారా? మీటర్ రీడింగ్ ఒరిజినలేనా? బ్యాంకు లోన్ బాకీ ఉందా?" నిజాయతీపరుడు రెండు నిమిషాల్లో జవాబిస్తాడు. "ఫోన్లో మాట్లాడదాం" అని మూడుసార్లు దాటేస్తే, అదీ జవాబే. ఎంత మంచి రిపోర్టు కంటే కూడా ఈ చాట్ మీకు ఎక్కువ బలం, ఎందుకంటే బండి చరిత్ర తెలిసిన మనిషి ఆయనొక్కడే.

## డబ్బు కట్టే ముందు

ఇన్‌స్పెక్షన్‌లో కాగితాలు కూడా చూస్తారా?

సాధారణంగా ఆర్సీ ఫొటో తీసి, చాసిస్ నంబర్ సరిపోల్చి వదిలేస్తారు. లోన్, చలాన్లు, బ్లాక్‌లిస్ట్ చూడటం తమ పని కాదని చాలామంది షరతుల్లో రాసుకుంటారు. ప్రభుత్వ పరివాహన్ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి. హైపోథికేషన్ (బండి మీద బ్యాంకు లోన్ ఉన్నట్టు నమోదు) కనిపిస్తే బ్యాంకు ఎన్‌ఓసీ, ఆ నమోదు తీసేయించే ఫారం 35 చేతికి వచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వొద్దు. ఆర్సీలో పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బుతో పాటే అయిపోవాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో ఆర్టీఓకు తెలపాలి, కొన్నవారికి 30 రోజుల గడువు.

డీలర్ దగ్గర కొంటుంటే అతని ఆథరైజేషన్ సర్టిఫికెట్ అడగండి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న కేంద్ర నిబంధనల ప్రకారం పాత వాహనాల డీలర్లకు అది ఉండాలి, అమ్మకానికి తన దగ్గర పెట్టుకున్న బండికి అతన్నే ఓనర్‌గా లెక్కిస్తారు.

బీమా కంపెనీవాళ్లు ఫొటోలు తీసి ఓకే చేశారు. అది చాలదా?

చాలదు. అది వాళ్ల రిస్క్ కోసం. బయట పాత డెంట్లు ఉన్నాయా అని మాత్రమే చూస్తారు. ఇంజన్‌తో వాళ్లకు పని లేదు.

## కొన్నాక లోపం బయటపడితే

కొన్న మూడు వారాలకే గేర్‌బాక్స్ పోయింది. ఇన్‌స్పెక్టర్ డబ్బు కట్టాలా?

మూడు విషయాలు తేలాలి. తనిఖీ రోజే ఆ లోపం ఉందా? చూస్తామన్న పనిలో గేర్‌బాక్స్ ఉందా? మామూలు శ్రద్ధతో చూస్తే దొరికేదా? మూడింటికీ అవును అయితే మీ వాదన గట్టిది. ఉదాహరణకు, గేర్‌బాక్స్ కింద ఎండిపోయిన పాత ఆయిల్ మడ్డి మందంగా ఉంది, రిపోర్టులో 'లీకులు లేవు' అని ఉంది, ఆ రోజు తీసిన ఫొటోలోనే మడ్డి కనిపిస్తోంది. ఇక్కడ ఇన్‌స్పెక్టర్ తప్పించుకోవడం కష్టం. ఆ రోజు ఏ గుర్తూ లేకుండా లోపల బేరింగ్ పోతే అతని మీద వేయడం న్యాయం కాదు.

గెలిచినా మొత్తం రిపేరు బిల్లు వస్తుందని అనుకోవద్దు. ఆ లోపం ముందే తెలిసి ఉంటే మీరు కొనేవాళ్లా, ఎంత తగ్గించేవాళ్లు అన్న లెక్క మీద పరిహారం ఆధారపడుతుంది.

లోపం కనిపించగానే మొదట ఏం చేయాలి?

బండి నడపడం ఆపండి. విప్పొద్దు. కంగారులో బెంగళూరులో స్పేర్ పార్టులు దొరికే జేసీ రోడ్డుకు వెళ్లి పార్టు కొని బిగించేస్తారు, పాత పార్టు షెడ్డులోనే వదిలేస్తారు. దాంతో సాక్ష్యం పోయినట్టే. అమ్మినవారికి, ఇన్‌స్పెక్టర్‌కు ఇద్దరికీ అదే రోజు ఫొటోలతో మెయిల్ పెట్టి, ఫలానా తేదీలోపు వచ్చి చూసుకోండని గడువు ఇవ్వండి. తర్వాత కంపెనీ సర్వీస్ సెంటర్లో, లోపం ఎంతకాలం నాటిదో వీలైనంత స్పష్టంగా రాసిన కాగితం తీసుకోండి. 'చాలా కాలంగా ఉన్న అరుగుదల' అన్న ఒక్క వాక్యం కేసును నిలబెడుతుంది. విప్పేటప్పుడు వీడియో తీయండి, తీసిన పార్టులు ఇంటికి తెచ్చుకోండి.

కేసు అమ్మినవాడి మీద వేయాలా, ఇన్‌స్పెక్షన్ వాళ్ల మీద వేయాలా?

డీలర్ అయితే ఇద్దరినీ కలిపి వినియోగదారుల కమిషన్‌లో చేర్చొచ్చు. ఒకరి మీద వేస్తే తప్పంతా రానివాడి మీదకు నెట్టేస్తారు. తన సొంత కారు ఒక్కసారి అమ్ముకున్న మామూలు మనిషి వ్యాపారి కాదు కాబట్టి అతని మీద ఫిర్యాదు సాధారణంగా అక్కడ నిలవదు, సివిల్ కోర్టుకే వెళ్లాలి. ఇన్‌స్పెక్షన్ సంస్థ మీద మాత్రం కమిషన్‌కే వెళ్లొచ్చు.

బెంగళూరులో ఎక్కడ వేయాలి? ఖర్చెంత? ఎన్నాళ్లలోపు?

ముందు 1915 జాతీయ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. ఇక్కడే తేలిపోయేవి కొన్ని ఉంటాయి. కుదరకపోతే లీగల్ నోటీసు, ఆ తర్వాత జిల్లా కమిషన్. మీరు కట్టిన మొత్తం 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే. 5 లక్షల దాకా ఫీజు లేదు, 5 నుంచి 10 లక్షలకు 200 రూపాయలు, 10 నుంచి 20 లక్షలకు 400. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు.

కారు హైదరాబాద్‌లో కొన్నా, తనిఖీ అక్కడే జరిగినా, మీరు ఉంటున్నది లేదా పనిచేస్తున్నది బెంగళూరులో అయితే ఇక్కడే వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. గడువు రెండేళ్లు. వకీలు తప్పనిసరి కాదు.

కొన్న కారుకు ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది. ఇంజన్ పోతే వాళ్లు ఇవ్వరా?

ఇవ్వరు. అరుగుదల, మెకానికల్ బ్రేక్‌డౌన్ మామూలు పాలసీలో కవర్ కావు. పాలసీ మీ పేరు మీదకు మార్చుకోవడానికి 14 రోజుల్లో దరఖాస్తు పెట్టారో లేదో మాత్రం ఇప్పుడే చూసుకోండి. లేకపోతే నిజంగా యాక్సిడెంట్ అయినప్పుడు మీ బండి డ్యామేజీకి కూడా చిక్కు వస్తుంది.

ఇప్పుడు నేనే అమ్ముతున్నాను. నేను కొన్నప్పటి రిపోర్టు కొనేవాళ్లకు ఇవ్వొచ్చా?

ఇవ్వండి, తేదీ స్పష్టంగా చెప్పి ఇవ్వండి. రెండేళ్ల నాటి రిపోర్టు రెండేళ్ల నాటి కారు గురించే. ఆ ఇన్‌స్పెక్టర్ వాళ్లకు బాధ్యుడు కాడు. కొత్తగా చేయించుకోమని మీరే చెప్పండి, లిఫ్ట్ ఎక్కించడానికి, చల్లటి ఇంజన్ చూడటానికి ఒప్పుకోండి. ఆ రిపోర్టులో రాసిన లోపాల్లో బాగుచేయించనివి ఉంటే అవేమిటో మెసేజ్‌లో పంపండి. తర్వాత గొడవ వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ మెసేజే. అమ్మాక ఆర్సీలో పేరు మారిందో లేదో పరివాహన్‌లో చూసేదాకా వదలొద్దు. బండి చేతులు మారినా ఆర్సీలో మీ పేరే ఉంటే, ప్రమాదం జరిగినప్పుడు ఓనర్‌గా పరిహారం బాధ్యత మీ మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.